మొగల్రాజపురంలో ఆరు చారల రాస్: ఉప్పునీటి తొట్టి డైరీ

నవంబరు

ఈ డైరీ అంతా ఒక్క చేప గురించి. పూర్తిగా పెరిగినా పది సెంటీమీటర్లు దాటదు. దుకాణాల్లో సిక్స్‌లైన్ రాస్ అంటారు. ఇక్కడ ఆరు చారల రాస్ అని రాసుకుంటాను. ఊదారంగు ఒంటి మీద తల నుంచి తోక వరకు ఆరు నారింజ గీతలు, ఆకుపచ్చ తోక, తోక మొదట్లో పైవైపు ఒక నల్ల చుక్క. కన్ను ఎర్రన, దాని మీదా తెల్లటి గీతలు. ఎర్ర సముద్రం మొదలుకొని పసిఫిక్ మధ్యలోని టువామోటు దీవుల వరకు పగడపు దిబ్బల సందుల్లో దీని కాపురం. మన తీరంలో మాత్రం దీనికి చోటు లేదు. విజయవాడకు దగ్గర సముద్రం అంటే మంగినపూడి. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు వల్ల అక్కడ నీళ్లది మట్టిరంగు. వెలుతురు దిగని నీటిలో పగడపు దిబ్బ లేవదు, దిబ్బ లేనిచోట ఈ చేపకు తిండీ దొరకదు, దాక్కునే సందూ దొరకదు.

రాస్ కుటుంబంలో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. రెండు మీటర్లు దాకా పెరిగే నెపోలియన్ రాస్ కూడా దీని బంధువే. ఇంటి తొట్టికి పనికొచ్చే చిన్నవాటిలో పసుపు కోరిస్ చాలా అందమైనది, కానీ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది. దానికి కనీసం ఐదు సెంటీమీటర్ల మందాన మెత్తటి ఇసుక కావాలి. నేను ఇసుక పలచగా వేద్దామనుకుంటున్నాను. ఫెయిరీ రాస్‌లు నీళ్లలోంచి పైకి దూకడంలో దిట్టలు, పైగా మూడడుగుల తొట్టి వాటికి ఇరుకు. పాసమ్ రాస్ నా మనసుకు నచ్చింది, నెమ్మది చేప. అయితే అమ్మేవాళ్ల జాబితాల్లో ఎప్పుడో గానీ కనిపించడం లేదు. మిగిలింది ఆరు చారలది. తిండికి పేచీ తక్కువ, మొండి ఒళ్లు, పగడాల జోలికి పోదు. గుణం ఒక్కటే తేడా. తన తర్వాత వచ్చిన చిన్న చేపలను తరిమి తరిమి వేధిస్తుంది.

అందుకే ఈ తొట్టిలో వరస ముందే ఖాయం చేశాను: రాళ్లు, నీరు, సూక్ష్మజీవులు, మిగతా చేపలు, చిట్టచివర ఇది. చివరికి నెట్టడానికి ఇంకో కారణమూ ఉంది. ఇది పొద్దున లేచింది మొదలు రాళ్ల మీద పాకే సన్న జీవులను ఏరుకుని తింటుంది. ఖాళీ రాళ్ల మధ్యకు వస్తే దానికి చేసే పని ఉండదు. పని లేని ఆరు చారల రాస్ పక్క చేపల మీద పడుతుందని నా నమ్మకం. ఈ ప్రాజెక్టంతా ఆ నమ్మకాన్ని పరీక్షించడమే.

తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. గాజు 10 మిల్లీమీటర్లు. నిండుగా 180 లీటర్లు పడుతుంది, కింద సంప్ అనే వడపోత తొట్టిలో ఇంకో 60. స్టాండు ఆటోనగర్‌లో చేయించాను. నీరు, గాజు, రాళ్లు, సంప్ అన్నీ కలిపితే మూడు వందల కిలోలు దాటుతుందని చెప్పినా వెల్డింగు చేసే ఆయన నమ్మలేదు. "చేపలకా సార్ ఇంత పైపు?" అంటూనే నాలుగు కాళ్లకీ అడ్డ పట్టీలు వేసి ఇచ్చాడు. ఉప్పునీటి తడికి తుప్పు ఖాయం కనుక ప్రైమరు మీద రెండు పూతల ఎపాక్సీ రంగు. రెండో అంతస్తులో ఉంటున్నాం. తొట్టిని హాలు మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న గోడకు ఆనించాను, పడమటి కిటికీకి దూరంగా.

అమ్మ అంతా చూసి ఒకటే అడిగింది: "ఈ ఇంట్లో ఉప్పు తగలని మూల ఏదైనా మిగులుతుందా?" మిగలదు. కారే గొట్టం లేకపోయినా బుడగలు చిట్లిన చోటల్లా తెల్లగా పేరుకుంటుంది.

డిసెంబరు

రాళ్ల విషయంలో చట్టం ముందు చూడాలి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. 2001లో వాటిని అందులో చేర్చారు. కాగితం మీద పులికున్న స్థాయే పగడానికీ ఉంది. "నిజమైన పగడపు రాయి, చచ్చినదే కదా" అని ఎవరైనా చూపిస్తే ముట్టుకోకపోవడం మంచిది. నేను పింగాణీ రాళ్లు తీసుకున్నాను. మట్టితో చేసి కాల్చినవి, ఒంటినిండా చిల్లులు. ఈ తొట్టిలో గట్టి పగడాలు ఉండవు. పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్లు (పగడాల బంధువులైన మెత్తటి జీవులు), ఒక తోలు పగడం, అంతే. జోయాంథిడ్లను కోసేటప్పుడు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్ని రకాల్లో ఉండే పాలిటాక్సిన్ మనిషిని ఆసుపత్రి పాలు చేయగల విషం. మరిగే నీళ్లు పోసి రాయి శుభ్రం చేయబోయి ఆవిరి పీల్చినవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు.

రాళ్లు అమర్చడానికి చాలా సమయం తీసుకున్నాను. చూడముచ్చటగా ఉండడం కంటే చేప చూపు ఎక్కడిదాకా పోతుందన్నది నాకు ముఖ్యం. ఒకే గుట్టగా పోస్తే ఆరు చారల రాస్ గుట్టంతా తనదే అనుకుంటుంది. రెండు గుట్టలు చేసి మధ్యలో జానెడు ఖాళీ వదిలాను. ఒక గుట్ట వెనక ఉన్న చేపకు రెండో గుట్ట వెనక ఉన్నది కనబడకూడదు. ప్రతి గుట్టలో వేలు పట్టేంత సొరంగాలు, ఒక్కోదానికి రెండు నోళ్లు. ఒకవైపు నుంచి తరిమితే రెండోవైపు నుంచి బయటపడే వీలుండాలి. రాళ్లను ఎపాక్సీ ముద్ద, సూపర్ గ్లూ కలిపి అతికించాను. రెండూ విడివిడిగా నిలవవు, కలిపితే రాయి ఊడదు.

నీళ్లు మా వీధి చివర ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల డబ్బాలే. నా మీటరు మీద టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల కొలత) 40 చూపిస్తోంది. తాగడానికి సరిపోయినా తొట్టికి ఆ 40లో ఏముందన్నదే ప్రశ్న. ఫాస్ఫేటు, సిలికేటు ఉంటే పాచికి పండగ. అందుకని డబ్బా నీటిని డీఅయొనైజింగ్ రెసిన్ గొట్టం గుండా దింపి సున్నా చేసి వాడుతున్నాను. నేరుగా కుళాయి నీటిని రెసిన్‌లోకి పంపితే అది త్వరగా చచ్చిపోతుంది. డబ్బా నీటితో చాలాకాలం వస్తుంది. ఉప్పు లీటరుకు సుమారు 37 గ్రాముల లెక్కన కలిపితే 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35) వచ్చింది.

జనవరి

కృత్తివెన్ను నుంచి బావ వచ్చారు. మా అక్క భర్త, రొయ్యల చెరువుల మనిషి. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కాసేపు చూసి, "ఇందులో ఏమీ లేదు కదోయ్" అన్నారు. నిజమే, రాళ్లు తప్ప ఏమీ లేవు. అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల భాగాలకు రెండు) వేసి బ్యాక్టీరియా పెరగడానికి వదిలాను. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. రెండో రకం పెరుగుదల నెమ్మది, అందుకే నైట్రైట్ చాలా రోజులు దిగదు. బావకు ఇదంతా కొత్త కాదు. చెరువులో ప్రోబయోటిక్ చల్లే మనిషికి బ్యాక్టీరియా గురించి నేను చెప్పడమేమిటి?

"నువ్వు వేసే చేప కౌంటు ఎంతోయ్?" అని అడిగారు. కిలోకు ఎన్ని తూగుతాయన్నది రొయ్యల లెక్క. "ఐదు వందల కౌంటు అనుకోండి బావా" అన్నాను. ఆయన మళ్లీ ధర అడగలేదు, అది నా అదృష్టం.

వెళ్లేముందు నా ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు తీసుకుని, తన సంచిలో ఉన్నదానితో పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటి మధ్య 2 పీపీటీ తేడా వచ్చింది. ఆయనది మామూలు నీటితో సున్నా చేసినది. నాది 35 పీపీటీ ద్రావణంతో సరిచేసినది. చెరువుకు 2 పీపీటీ లెక్కలోకి రాదు. తొట్టిలో సముద్రపు ఉప్పదనం దగ్గరే సరిగ్గా ఉండాలి కాబట్టి ఆ దగ్గరే సరిచేసుకోవాలి.

నెలాఖరుకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. నైట్రేట్ 20. సగం నీళ్లు మార్చాను. గాజు మీద గోధుమరంగు పొర కట్టింది, డయాటమ్‌లనే సన్నపాటి పాచి. తుడవలేదు. అదే నత్తలకు మేత.

ఫిబ్రవరి

నత్తలు వచ్చాయి. వెనకే ఒక జత క్లౌన్ చేపలు, హేచరీలో పుట్టినవి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వంటివి క్లౌన్ చేపలను నిర్బంధంలో పొదిగించే పద్ధతులు అభివృద్ధి చేసి చాలాకాలమైంది. సముద్రంలోంచి పట్టినదాన్ని కొనాల్సిన పని లేదు. ఆరు చారల రాస్‌కు ఆ సౌకర్యం లేదు, అమ్మకానికి వచ్చేది సముద్రంలో పట్టినదే. ఒక చేపను అక్కడి నుంచి తెచ్చుకుంటున్నప్పుడు దాని బతుకు పూచీ మనదే అవుతుంది. ఇన్ని నెలలు ముందు నుంచి తయారవడానికి అది కూడా ఒక కారణం.

క్లౌన్‌ల తర్వాత ఒక టెయిల్‌స్పాట్ బ్లెన్నీ. రాళ్ల మీద కూర్చుని పాచి గీకుతుంది.

ఈ నెలలో అసలు పని కోపిపాడ్‌లది. చిన్నవి, మిల్లీమీటరు కూడా ఉండని రొయ్యజాతి జీవులు. చెన్నై నుంచి సీసాలో తెప్పించిన టిస్బీ రకాన్ని దీపాలు ఆర్పాక పంపులు ఆపి రాళ్ల సందుల్లోకి పిచికారీ గొట్టంతో వదిలాను. వెలుతురులో వదిలితే క్లౌన్‌లకే విందు. వాటికి మేతగా నానోక్లోరాప్సిస్ పచ్చనీరు రోజు మార్చి రోజు. సంప్‌లో ఒక గది ఖాళీ చేసి చీటో అనే నాచు ముద్ద వేశాను. ఆ పీచులో చేపలు చేరవు, కోపిపాడ్‌లు (ఇకపై పాడ్‌లు) పెరిగి పంపుతో పాటు పైకి వస్తాయి.

ఆ నాచు దీపం రాత్రిపూట వెలిగించే ఏర్పాటు బావ మాటతో చేసిందే. ఫోనులో అడిగారు: "తెల్లారుజామున నీ నీళ్ల పీహెచ్ ఎంతోయ్?" చూడలేదన్నాను. "చెరువులో చచ్చేవన్నీ ఆ వేళకే. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తినేస్తుంది, వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు పీహెచ్ పడిపోతుంది. మేం ఏరియేటర్లు తిప్పేది అందుకే." అలారం పెట్టుకుని లేచి చూశాను. సాయంత్రం 8.3 ఉన్నది తెల్లవారుజామున 7.9. పై తొట్టి దీపాలు ఆరిన వేళలో సంప్ దీపం వెలిగేలా మార్చాక 8.1 దగ్గర ఆగింది. రీఫ్ తొట్టెల వాళ్లూ ఇదే చేస్తారు. నాకు మాత్రం కృత్తివెన్ను చెరువు గట్టు మీది నుంచి వచ్చింది.

మార్చి మొదట్లో

రాత్రి దీపాలు ఆరాక ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి చూస్తే గాజు మీద తెల్లటి చుక్కలు కదులుతున్నాయి. వంకర టింకరగా, ఆగి ఆగి. కొన్నింటికి వెనక గుడ్ల సంచి కూడా భూతద్దంలో కనబడుతోంది. గుడ్లు పెడుతున్నాయంటే నిలదొక్కుకున్నట్టే. ఇక చేప కోసం అమ్మేవాళ్లను అడగవచ్చు.

అంతకంటే ముందు మూత. రాస్‌లు బెదిరితే పైకి దూకుతాయి, ఎంత సన్న సందు ఉన్నా దొరకబుచ్చుకుంటాయి. గాజు మూత పెడితే వేడి లోపలే నిలుస్తుంది, గాలి ఆడదు. మన వేసవికి అది కుదరదు. కిటికీలకు దోమల జాలీ బిగించే అబ్బాయిని పిలిపించాను. అతని దగ్గరున్న జాలీ మరీ సన్నం. వెలుతురు తగ్గిస్తుంది, ఉప్పు పేరుకుంటే కళ్లు మూసుకుపోతాయి. ఫ్రేము అతన్ని చేయమని, వల నేను తెస్తానని చెప్పాను. వన్‌టౌన్‌లో వలలు అమ్మే కొట్లో రంగులేని సన్న నైలాను వల దొరికింది, కన్ను 6 మిల్లీమీటర్లు. ఎంత కావాలని అడిగితే గజం అన్నాను. కొట్టాయన నా వంక అనుమానంగా చూసి, కొలిచి కత్తిరించి ఇచ్చాడు. గజం వలతో ఏ చేపను పడతారని ఆయన సందేహం. పట్టడానికి కాదు, పోకుండా ఆపడానికి అని చెప్పి ఉంటే ఇంకాస్త గందరగోళపడేవాడు.

జాలీ అబ్బాయి పని చూడాలి. పౌడర్ కోటింగు ఉన్న అల్యూమినియం పట్టీలను నలభై ఐదు డిగ్రీల కోతతో కలిపి, గాడిలో వల అంచు పరిచి, రబ్బరు బీడింగును చిన్న చక్రంతో నొక్కుకుంటూ నాలుగు వైపులా తిప్పాడు. వల డప్పులా బిగిసింది. కోసిన మూలల దగ్గర పూత పోయి పచ్చి లోహం బయటపడుతుంది. ఉప్పునీటి చెమ్మకు అక్కడే తెల్లటి బూడిద పొంగుతుంది. ఆ మూలలకు సిలికాన్ పూయించాను. సంప్ నీటిని పైకి తెచ్చే రిటర్న్ గొట్టం దిగే చోట, వైరు దిగే చోట ఫ్రేముకు కోత పెట్టి, మిగిలిన సందుల్లో వల ముక్కలు కుట్టాను. చిటికెన వేలు ఎక్కడా దూరలేదు.

మార్చి చివర

చెన్నై నుంచి ఒక అమ్మకందారు ఫోటో పంపాడు, "సిక్స్‌లైన్" అని. గీతలు లెక్కపెట్టాను. ఎనిమిది. అది ఎనిమిది చారల రాస్, వేరే జాతి. పదమూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, గుణం ఇంకా మొరటు. మర్యాదగా వద్దన్నాను. వారం తిరక్కముందే ఇంకొకరి దగ్గర సరైనది దొరికింది. రాత్రి బస్సులో థర్మోకోల్ పెట్టెలో వచ్చి, పొద్దున్నే చేతికందింది. ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. పొట్ట లోపలికి పోలేదు, కళ్లు తేటగా ఉన్నాయి, సంచిని తిప్పితే కన్ను నా వేలి వెంట తిరిగింది.

సంచిలో చేపకు నీళ్లు బొట్లు బొట్లుగా కలుపుతూ గంటలు గంటలు కూర్చోవాలని చాలామంది చెబుతారు. దూరం నుంచి వచ్చిన సంచికి అది ముప్పే. ప్రయాణంలో చేప వదిలిన అమ్మోనియా సంచిలోనే ఉంటుంది, అయితే కార్బన్ డయాక్సైడ్ నిండి పీహెచ్ పడిపోవడం వల్ల అది అంత హాని చేయని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. అందుకని సంచి నీటి ఉప్పదనం ముందే అడిగి తెలుసుకున్నాను: 30 పీపీటీ. విడిది తొట్టిని (కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచేది) అదే 30 దగ్గర సిద్ధం చేసి, వేడి సమం కాగానే చేపను సన్నటి గిన్నెతో తీసి దింపాను. సంచి నీళ్లు బాత్రూములో పోశాను. ఉప్పదనం తర్వాత రోజుకు కొంచెం చొప్పున 35కు పెంచాను.

విడిది తొట్టిలో ఇసుక లేదు, రాయి లేదు. రెండు పీవీసీ ఎల్బోలు, ఒక స్పాంజి ఫిల్టరు, అంతే. క్రిప్టోకారియాన్ అనే తెల్లచుక్కల పరాన్నజీవి భయం ఇక్కడే తేల్చుకోవాలి. అది కొన్ని రోజులు చేప ఒంట్లో ఉండి, రాలి, అడుగున గుండు కట్టుకుని, పగిలి వందల పిల్లలను వదులుతుంది. గుండు కట్టాక పగలడానికి మూడు రోజులైనా పడుతుంది కనుక ప్రతి 72 గంటలకు చేపను పూర్తిగా ఆరిన కొత్త తొట్టికి మార్చితే పగిలే గుండ్లన్నీ వెనకే ఉండిపోతాయి. రెండు తొట్లు, ఒకటి వాడుకలో, ఒకటి ఎండలో. మార్చి ఎండ ఈ ఒక్క పనికి బాగా పనికొచ్చింది. రాగి మందు నా దగ్గర ఉంది, వాడలేదు. మోతాదు ఇటూ అటూ అయితే చేపకే ముప్పు. అయితే ఈ మార్పిళ్ల పద్ధతి ఆ ఒక్క జబ్బుకే. వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవికీ, మొప్పలకు పట్టే పురుగులకూ పనిచేయదు, ఊపిరి వేగం రోజూ చూసుకోవాలి.

తెల్ల చుక్కలు అనగానే బావ ఫోనులో కంగారు పడ్డారు. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వైరస్ అది, ఇది ఏకకణజీవి. సంబంధం లేదు. కానీ ఆయన కంగారులో నాకు పనికొచ్చే మాట ఒకటి ఉంది, తర్వాత రాస్తాను.

తిండి: మొదట్లో ఎల్బోలోంచి బయటికి రాలేదు. పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యజాతి జీవి) పిల్లలను వదిలాను. 28 డిగ్రీల ఉప్పునీటిలో, గాలి బుడగల్లో గుడ్లు ఒక రోజుకు పగులుతాయి. నారింజ మబ్బులా లేచిన వాటి వెంట తల బయటపెట్టి, ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత ఎల్బో సంగతే మరచిపోయింది. వారంలో గడ్డకట్టించిన మైసిస్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులు, ఇంకొన్నాళ్లకు సన్న పెల్లెట్లు.

ఏప్రిల్

పెద్ద తొట్టిలో వదిలాను. దీపాలు మసకగా పెట్టి, క్లౌన్‌లకు ముందే కడుపు నింపి.

ఒకటే పరుగు, ఎడమ గుట్టలోకి. తర్వాతి పొద్దున దీపాలు వెలిగాక కూడా చాలాసేపటికి బయటపడింది. ఇది ఆలస్యంగా లేచి పెందలాడే పడుకునే రకం. అప్పటి నుంచి దాని రోజు చూస్తే బీటు కానిస్టేబులు గుర్తుకొస్తాడు. ఎడమ గుట్ట కింది సొరంగం, పైకెక్కి తోలు పగడం పక్కగా, ఖాళీ దాటి కుడి గుట్ట వెనకగా, మళ్లీ కిందికి. అదే దారి, అదే వరస. తోక కదలదు. రాస్‌లు ఈదేది రొమ్ము రెక్కలతోనే. తోకను పారిపోవడానికి దాచుకుంటాయి. రాయి ముందు గాలిలో నిలిచినట్టు ఆగి, ఒక కన్ను ముందుకు, ఇంకో కన్ను పక్కకు తిప్పుతుంది. తల కొద్దిగా వంచుతుంది. ఎంత చూసినా నాకు ఆ చోట రాయి తప్ప ఏమీ కనబడదు. టక్కున ముక్కుతో పొడిచి, వెనక్కి జరిగి, దవడ ఆడిస్తుంది. ఈ జాతుల కంటి ముందు పారదర్శక పొర రెండు ఖండాలుగా ఉండి, దగ్గరి వస్తువును పట్టి చూపే ఏర్పాటులా పనిచేస్తుందంటారు. మిల్లీమీటరు లేని పాడ్‌ను రాయి రంగులోంచి విడదీసి చూడాలంటే అలాంటిదేదో ఉండాల్సిందే.

బ్లెన్నీని రెండు మూడు సార్లు తరిమింది. బ్లెన్నీ రాతి చిల్లులో దూరి మూతి మాత్రం బయటపెట్టి చూసింది, రాస్ తను రోజూ తిరిగే దారిలోకి వెళ్లిపోయింది. క్లౌన్‌లను పట్టించుకోలేదు, అవీ పట్టించుకోలేదు. నా నమ్మకానికి ఇది నిరూపణ అనను. ఇదే చేప ఇంకో తొట్టిలో, ఇంకో వరసలో ఎలా ఉండేదో చూడనంతవరకు కారణం చెప్పలేం. కాకపోతే ఒకటి గమనించాను: పాడ్‌లు పుష్కలంగా ఉన్న వారాల్లో తరమడం తగ్గింది. మైసిస్ వేయడం ఆలస్యమైన పూట పెరిగింది.

కుడి పక్క గాజులో సాయంత్రం పూట దాని నీడ దానికే కనబడుతుంది. రెక్కలు విప్పి దాని మీదికి పోతుంది. దీని బంధువు క్లీనర్ రాస్ అద్దంలో ఉన్నది తానేనని గుర్తుపడుతుందని 2019లో జపాను శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఒంటికి పెట్టిన రంగు మచ్చను అద్దంలో చూసి రాతికి రుద్దుకుని తుడుచుకోబోయిందట. మా వాడికి ఆ తెలివి ఉన్నట్టు లేదు. సందర్భం వచ్చింది కనుక: దుకాణాల్లో నీలి గీతతో చవగ్గా దొరికే ఆ క్లీనర్ రాస్‌ను కొనవద్దు. అది ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులు, జిగురు తిని బతికేది. తొట్టిలోని నాలుగు చేపల మీద ఏమీ మిగలదు, చాలావరకు ఆకలితో చస్తాయి. నేను కొనమంటే ఒక క్లీనర్ రొయ్యను కొనమంటాను. నేనూ ఒకటి వేశాను.

బావ కంగారులో పనికొచ్చిన మాట ఇదే. మొదట్లో బజారు రొయ్యలు సన్నగా తరిగి వేద్దామనుకున్నాను, విజయవాడలో రొయ్యకేం కరువు? కానీ వైట్ స్పాట్ వైరస్ పది కాళ్లున్న రొయ్య, పీత జాతుల్లో చాలావాటికి అంటుతుంది, గడ్డకట్టించినంత మాత్రాన చావదు. చెరువు రొయ్య ముక్క తొట్టిలో వేస్తే చేపకు ఏమీ కాదు, క్లీనర్ రొయ్యకు అవుతుంది. బజారు రొయ్య మా ఇగురులోకే.

ఒక పొద్దున దాని పడక సొరంగం నోటి దగ్గర పలచటి గాజు పొర లాంటిది చిరిగి వేలాడుతూ కనిపించింది. రాత్రి పడుకునేముందు ఒంటి చుట్టూ అల్లుకునే జిగురు గూడు అది. పారట్ చేపల మీద చేసిన ప్రయోగాల్లో ఇలాంటి గూడు రాత్రిపూట రక్తం పీల్చే సన్న పురుగుల కాటును బాగా తగ్గిస్తుందని తేలింది. కొత్తవాళ్లు దీన్ని చూసి చేప చర్మం ఊడిందనుకుంటారు.

మే

రోహిణి కార్తె. హాల్లో మధ్యాహ్నం 38. తొట్టి 27 దాటకూడదని నా పట్టుదల, 28 వరకు సహిస్తాను. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు లీటరుకు దాదాపు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 దగ్గర 6.2. ఇటు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంటే అటు వేడికి చేప ఒళ్లు ఎక్కువ అడుగుతుంది.

సంప్ మీద రెండు 12 వోల్టుల ఫ్యాన్లు పెట్టాను. రోజుకు 5 లీటర్లు ఆవిరవుతోంది. లెక్క వేస్తే అది సగటున 140 వాట్ల వేడిని నీటిలోంచి లాగేయడంతో సమానం. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తిరిగి పోసేది మంచినీరే. మట్టం చూసి తానే పోసే చిన్న పంపు ఉంది. అది లేకపోతే వేసవిలో ఇల్లు కదలలేం.

కరెంటు పోతే తొట్టిలో నీటిని కదిలించే వేవ్‌మేకర్, రిటర్న్ పంపు రెండూ ఇన్వర్టరు మీదే. కలిపి 30 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడుకున్నా ఇరవై గంటలకు పైగా లాగుతుంది. ఇది అతి జాగ్రత్త అన్నవాళ్లకు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు పేటలు రోజుల తరబడి చీకట్లో ఉండడం గుర్తులేదనుకోవాలి.

ఆగస్టు

మేలో గట్టెక్కించిన ఫ్యాన్లు ఇప్పుడు చేతులెత్తేశాయి. బయట 33, మేకంటే పది డిగ్రీలు తక్కువ, తొట్టి మాత్రం 29. చూడటానికి తలకిందులుగా ఉన్నా కారణం సూటిగానే ఉంది. ఫ్యాను నీటిని చల్లబరిచేది ఆవిరి చేసి. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఆవిరి. 43 డిగ్రీల వడగాలిలో తేమ 25 శాతం ఉంటే తడి గుడ్డ చుట్టిన ధర్మామీటరు 26.5 దగ్గర ఆగుతుంది. 33 డిగ్రీల ఉక్కపోతలో తేమ 75 శాతం ఉంటే అది 29 కిందికి రాదు. ఆవిరి పద్ధతికి అదే అడుగు. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఆ గీత దాటలేం. బెజవాడలో తొట్టికి అసలు పరీక్ష మేలో కాదు, ఆగస్టులో.

నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లరు, కొన్నాను, పదోవంతు హార్స్ పవరుది. దాన్ని హాల్లో పెడితే నీటిలోంచి తీసిన వేడిని హాల్లోనే వదులుతుంది, కనుక బాల్కనీలో పెట్టి గోడకు రంధ్రం చేయించి గొట్టాలు పంపాను. గొట్టాలకు ఏసీ పైపుల నల్ల తొడుగు. 26.5 దగ్గర పెట్టాను, నిలకడగా ఉంది. కరెంటు బిల్లు గురించి ఈ డైరీలో రాయను.

చేప ఇప్పుడు ఆరున్నర సెంటీమీటర్లు దాటి ఉంటుంది. నైట్రేట్ 8. రాళ్ల మీద పాడ్‌లు బాగా తగ్గాయి, సంప్ నాచులో మాత్రం పుష్కలం. ఇంకొక చేపను చేర్చే ఆలోచన దానితో పోయింది.

కొత్త తలనొప్పి సంప్‌లో. ఎవరో ఇచ్చిన జోయాంథిడ్ ముక్కతో ఎర్రటి చదును పురుగులు వచ్చాయి, గోరు ముక్కంత. పై తొట్టిలో ఒక్కటీ లేదు. మా వాడు తిరిగే దారిలో వాటికి చోటు దొరకలేదనుకుంటాను. అది చేరలేని సంప్ గోడల మీద మాత్రం రోజురోజుకూ పెరుగుతున్నాయి. "చేపను దానిలోకి దింపు, ఒక్క వారంలో ఖాళీ చేస్తుంది" అని బావ. సంప్‌లో పంపు నోరు ఉంది, పైన వల లేదు. మందు వేయాలన్నా ముందు సంఖ్య తగ్గించాలి, గుంపుగా చస్తే అవి వదిలే విషానికి పై చేపలు పోతాయి. ప్రస్తుతానికి ఆక్సిజన్ గొట్టం అంత సన్న పైపుతో నీళ్లు మార్చే ప్రతిసారీ లాగేస్తున్నాను. ఆ నీళ్లు బకెట్‌లో ఉంచి, ఒక పురుగును గొట్టంతో తీసి పైన వేశాను. రాస్ వచ్చి, ఒక కన్ను వంచి చూసి, మింగి, ఉమ్మి, మళ్లీ మింగింది. ఇక వాటిని పారబోయడం లేదు.